మధ్యాహ్నం మూసి ఉండును

లారీ ఓనరు ఆరింటికి గానీ రాడట.
భుజాన బీమా కాగితాల సంచి,
కాళ్లకు నిన్న కొన్న చెప్పులు.
కర్నూలు బస్టాండులో దిగేసరికి ఏడు.
పదకొండు గంటల పగలు నా చేతిలో ఉంది
ఎవరూ క్లెయిమ్ చేయని సరుకులా.

ఉగ్గాని తిని, ఏం చూడాలన్నా ఇక్కడ అంటే
బండాయన గరిటెతోనే బురుజు వైపు చూపించాడు.
నేను నీళ్ల వాసన వచ్చిన వైపు నడిచాను.

నీళ్ల వాసన అని మర్యాదకు అన్నాను.

హంద్రీ వంతెన మీద ఆటోలు
ఊపిరి బిగబట్టి దాటిపోతున్నాయి.
కింద ఏరు ఉందని నమ్మాలంటే కాసేపు ఆగాలి.
గుర్రపుడెక్క, దాని ఊదా పూలు,
ఒక పరుపు, సగం కాలిన టైరు,
ఏ యేటిదో వినాయకుడి చెయ్యి ఒకటి
బురదలోంచి అభయమిస్తూనే ఉంది.
వేళ్ల కొసన లకుముకి పిట్ట.
అంత నీలంగా ఉండాల్సిన పనేం లేదు
అక్కడ. అయినా ఉంది.

పన్నెండేళ్లుగా నష్టం లెక్కగట్టడమే నా పని.
నుజ్జయిన క్యాబిన్లు, తడిసిన పత్తి బేళ్లు.
ముందు ఎంత, మిగిలిందెంత, పోయిందెంత.
తెలియకుండానే పెన్ను మూత తీశాను.

జమ్ము కదిలింది.
పచ్చగడ్డి మోపు ముందు వచ్చింది, దాని కింద మనిషి,
మోకాళ్ల దాకా నల్లటి బురద మేజోళ్లు.
హుసేనమ్మ. నాలుగు బర్రెలు.
"యా ఆఫీసమ్మా నీది? మురిక్కాలవలోళ్లా?"
కాదు, ఊరికే నడుస్తున్నా అన్నాను.
"ఊరికే ఎవురు నడుస్తారు?"
నా మడమ మీద పగిలిన బొబ్బ చూసి
కొంగు అంచు చింపి ఇచ్చింది.
ఆ పెద్ద వరద రోజు నీళ్లు ఎందాకా వచ్చాయో
కొడవలి తలపైకెత్తి చూపింది. ఇంకా పైకి.
చెయ్యి చాలక మునివేళ్ల మీద లేచింది.
"ఆ పొద్దు ఏరు మమ్మల్ని చూసేకి ఇంట్లోకొచ్చె.
మళ్ల మేమే దాన్ని చూసేకి పోలే."
మోపు సర్దుకుని వెళ్లిపోయింది. బర్రెలు అరుస్తాయట.

కాలువ గట్టు పట్టుకుని పోతే మున్సిపల్ పార్కు.
గేటుకు తాళం. తాళం మీద బోర్డు:
మధ్యాహ్నం మూసి ఉండును.
బయట నలభై రెండు డిగ్రీలు.
ఊళ్లో ఉన్న నీడంతా లోపలే ఉంది.
ఒక కుక్క వంగిన కమ్మీల సందులోంచి
సొంతింట్లోకి పోయినట్టు పోయింది.
సంచి ముందు తోశాను. తరవాత నన్ను.

కానుగ చెట్టు కింద వాచ్‌మన్ బజారి
ఒక కన్ను తెరిచాడు.
"కూచుంటే కూచో. ఫొటోలు మాత్రం తీయొద్దు."
దేన్ని తీస్తానని?
మెడ విరిగి ఇనప చువ్వ తేలిన సిమెంటు జిరాఫీనా,
ఊయల లేని ఊయల గొలుసులనా?
నల్లా కారి కారి చేటంత మడుగయింది.
గోరింకలు వరసలో నిలబడి స్నానం చేస్తున్నాయి,
తోసుకుంటున్నాయి కూడా.
నేనూ కాళ్లు పెట్టాను.
బొబ్బ భగ్గుమంది, తరవాత మరిచిపోయింది.

ఎండ వాలాక చెప్పులు చేతిలో పట్టుకుని
హంద్రీ తుంగభద్రలో కలిసే చోటికి వెళ్లాను.
వేసవిలో తుంగభద్ర అంటే సగం బండలే.
నల్ల నీళ్లు, లేతనీళ్లు
కొంత దూరం పక్కపక్కనే నడిచాయి
పెళ్లిచూపుల్లో మాటలు దొరకని వాళ్లలా.
ఎక్కడ కలిశాయో పట్టుకోలేకపోయాను.
రెండుసార్లు చూశాను.

ఫారం తీశాను. నష్టానికి కారణం: ఆ గడి చాలదు.
సాల్వేజి, అంటే చేతికి దక్కిన మిగులు:
బండల మీద నత్తగొట్టు కొంగలు.
ఆరు, ఏడు. బురదలో ముక్కు పెట్టింది ఎనిమిది.

ఫోను మోగింది. "మేడం, యాడుండారు?"
"పదకొండు," అన్నాను.
"ఉండండి, ఒకటి ఇప్పుడే దిగింది. పన్నెండు."

"పన్నెండేంది మేడం,
ఇప్పుడు టైం ఆరు కదా?"